ఓడ మీద అల్లం మురబ్బా

మొన్న ఆదివారం నరసాపురం నుంచి వచ్చిన ఒకావిడ, అమ్మకిమ్మని అల్లం మురబ్బా డబ్బా ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళింది. మూత తీయకముందే వాసన వచ్చేసింది: కాస్త ముదిరిన బెల్లం పాకం, దాని వెనకే గొంతు పట్టుకునే అల్లం ఘాటు. జర్మనీలో, ఎర్లాంగెన్‌లోని మా వంటింటి కిటికీ అవతల సైకిళ్ళు వానలో తడుస్తున్నాయి, నాకు మాత్రం ఓడ ఇంజను నూనె, ఉప్పుగాలి, తాతయ్య ఉన్ని కోటు కలిసిన పాత వాసన వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా ఈ మిఠాయిని ఇంట్లోకి రానివ్వలేదు. ఎవరైనా అడిగితే అల్లం పడదని చెప్పి తప్పించుకునేదాన్ని.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నాన్నకు నాన్న అయిన తాతయ్య, నరసాపురం మిషన్ బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, ఆ వేసవిలో మూడు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చారు. సైకిళ్ళ దారిలో నడిచి గంటలు కొట్టించుకోవడం, కొమ్మలు వంగేలా కాసిన చెర్రీలను చూసి వీటితో పులిహోర అవుతుందా అని అమ్మనడగడం, నేను జర్మన్‌లో జవాబిస్తే తెలుగులో చెప్పేదాకా గుమ్మం దాటనివ్వకపోవడం, ఇవీ ఆయన పనులు. గోదావరి మీద లాంచీ తప్ప ఎరగని తండ్రిని పెద్ద ఓడ ఎక్కించాలని నాన్నకు ఎన్నాళ్ళనుంచో కోరిక. సెలవు దొరికేసరికి కీల్ రేవు నుంచి నార్వే తీరానికి వెళ్ళే ఓడలో నలుగురికీ టికెట్లు తీసుకున్నాడు. తాతయ్య పెట్టెలో స్వెటర్ల మధ్య మురబ్బా డబ్బా కూడా ఓడెక్కింది, కడుపులో తిప్పితే పనికొస్తుందని.

మొదటి రోజు ఓడ కదలకముందే అందరికీ ప్రమాద సమయంలో ఏం చేయాలో నేర్పే కసరత్తు. లిఫ్టులు ఎక్కకూడదన్నారు. మా గది నాలుగో అంతస్తులో, చేరాల్సిన చోటు ఏడులో. తాతయ్య నారింజరంగు లైఫ్ జాకెట్ మెడలో వేసుకుని, నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతూ ఆరో అంతస్తులో ఆగి, మెట్టు మీదే కూలబడ్డారు. నుదుటి మీద చెమట. అరచేత్తో రొమ్ము మీద గుండ్రంగా రుద్దుకుని, జేబులోంచి మురబ్బా ముక్క తీసి బుగ్గన పెట్టుకుని, నాకూ ఒకటిచ్చారు. గ్యాసన్నారు. మా వాళ్ళలో రొమ్ములో ఏ నొప్పి వచ్చినా దాని పేరు గ్యాసే, దాని మందు అల్లమే. అమ్మా నాన్నా ముందే పైకి వెళ్ళిపోయారు కాబట్టి చూసింది నేనొక్కదాన్నే.

రెండో రోజంతా సముద్రమే. బూడిదరంగు నీళ్ళు ఓడను ఊపి ఊపి వదిలాయి. అమ్మ బకెట్టు వదల్లేదు, నాన్న మంచం వదల్లేదు. తాతయ్యా నేనూ మాత్రం నిక్షేపంలా తిరిగాం. పొద్దున్నే ఉల్లిపాయ ముక్కలు చల్లిన పచ్చి హెర్రింగ్ చేపను చూసి, దీన్ని పొయ్యి మీద పెట్టడం మర్చిపోయారన్నారు, అయినా రెండు తిన్నారు. ఆనాటి కార్యక్రమాలు అచ్చేసిన కాగితం వెనక పులిజూదం గీసి, వేరుశనగ పలుకులు మేకలుగా, కాఫీలోకిచ్చే చక్కెర పొట్లాలు పులులుగా పెట్టి పై డెక్కు మీద ఆడించారు. చీకటి పడ్డాక ప్రార్థన చేయడం ఆయన అలవాటు. ఉత్తరాన అదెంతకీ పడకపోయేసరికి, ఇక్కడ దేవుడికి కూడా నిద్రుండదు కాబోలని నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. ఎడమ చెయ్యి పట్టుకుని బల్ల మీదికి వంగిపోయారు. అంత చలిగాలిలో చొక్కా కాలరు తడిసిపోయింది. నాన్నను పిలుస్తానని లేచాను.

"నాన్నకి చెప్పకే అమ్మలూ, ఇది గ్యాసే. చెప్తే మనల్ని దించేసి ఆస్పత్రిలో పడేత్తారు, మీ నాన్న సరదా అంతా నీళ్ళపాలైపోద్ది."

ఒట్టు పెట్టమంటారేమో అనుకున్నాను. క్రైస్తవులు ఒట్టు పెట్టకూడదు, మాట చాలన్నారు. చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఇన్నేళ్ళూ ఆయన అడిగారు కాబట్టే ఇచ్చానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మర్నాడు పొద్దున్న కొండ మీంచి సముద్రంలోకి దూకే జలపాతం చూడాలి, ఓడలో జారుడుబల్ల ఉన్న ఈతకొలను ఇంకా తెరవలేదు. నాక్కూడా దిగాలని లేదు.

మూడో రోజు ఓడ రెండు నల్లటి కొండల మధ్య ఆగింది. నాన్న టీ పట్టుకుని వెళ్ళి లేపితే తాతయ్య లేవలేదు. ఓడ డాక్టరు వచ్చింది, దుప్పటి కప్పింది. నార్వేలోని ఆ చిన్న రేవులో మా నలుగురినీ దించారు, ముగ్గురం నడిచి, ఒకరు స్ట్రెచర్ మీద. మధ్యాహ్నానికి ఓడ కూత పెట్టి కదిలింది. పై డెక్కు మీద పిల్లలు మాకు చేతులూపారు. జలపాతం కనబడుతూనే ఉంది, నేను తల తిప్పుకున్నాను.

నాన్నను ఆ రోజు నిలబెట్టింది ఒక్క మాట. దాన్నే ఏటా న్యూరెంబెర్గ్‌లో మా తెలుగు వాళ్ళ కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యంగా లేచి చెప్పేవాడు.

"మా నాన్నగారు చిన్న నొప్పి కూడా ఎరక్కుండా, నిద్రలోనే ప్రభువు దగ్గరికెళ్ళారండి."

అందరూ స్తోత్రం అనేవారు. నేనూ అనేదాన్ని. తొమ్మిదేళ్ళప్పుడు ఇచ్చిన మాట ముప్పై దాటినా తప్పలేదు. మాట తప్పని మనిషినని ఎవరైనా మెచ్చుకుంటే ఒళ్ళు కంపరమెత్తేది.

పోయిన చలికాలం నాన్న మా ఇంటికి భోజనానికి వచ్చాడు. తింటూ తింటూ ఆగి, అరచేత్తో రొమ్ము మీద గుండ్రంగా రుద్దుకుని, గ్యాసు పట్టినట్టుంది, అల్లం ముక్కుంటే ఇవ్వమన్నాడు. నేను ఫోన్ తీసి అంబులెన్సు పిలిచాను. ఇంత చిన్నదానికి అంబులెన్సేమిటని, టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని రేపు డాక్టరుకు చూపించుకుంటానని కోప్పడి, కోటు కోసం లేచాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"తాతయ్య కూడా గ్యాసే అన్నారు నాన్నా. ఓడ మీద, రెండుసార్లు. చెప్పొద్దన్నారు."

నాన్న మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేదాకా ఒక్కటే అడిగాడు, బాగా నొప్పి పడ్డారా అని. పడ్డారన్నాను.

నాన్న గుండెలో స్టెంటు వేశారు, బతికాడు. ఈ కొత్త సంవత్సరం ఆరాధనలో ఆయన వంతు వచ్చింది. లేచాడు, డాక్టర్లను ఇచ్చినందుకు దేవుడికి వందనాలన్నాడు, అందరూ ఏటా చెప్పే ఆ మాట కోసం చూస్తుండగానే కూర్చున్నాడు. ఓడెక్కిన ఆ వేసవిలో చాలా పోయాయి, పులిజూదం గీసిన కాగితం, ఉన్ని కోటు, నా తెలుగు దిద్దే మనిషి. వాటన్నిటి తర్వాత కూడా, తాతయ్య హాయిగా నిద్రలో వెళ్ళారన్న మాట ఒక్కటి మా ఇంట్లో మిగిలి ఉండేది. దాన్ని నా నోటితో నేనే తీసేశాను.