చేదు రాసేరంటే

ఎనభైల్లో ఓ ఎండాకాలం పనిమీద కోనసీమ వెళ్లి, రాజోలులో అమలాపురం బస్సెక్కాను. పక్క సీట్లో ఒక యువతి, ఒళ్లో ఏడాది నిండని పాప, కిటికీ దగ్గర ఆమె తల్లి. పాప పాలకోసం పమిట లాగి నోరు పెట్టడం, వెంటనే మొహం తిప్పుకుని గుక్కపట్టి ఏడవడం.

"ఒంట్లో బాగోలేదామ్మా?" అన్నాను.

"జబ్బు కాదండి. చేదు రాసేం," అంది ముసలామె.

పాలు మాన్పించడానికి రొమ్ముకు వేపాకు ముద్ద రాయడం మా కర్నూలు వైపూ ఉంది. కానీ అది నడక, మాటలు వచ్చిన పిల్లలకు.

"ఇంత పసిదానికా?"

"ఆయ్. మా పేటలో చేదు రాసేరంటే వీసా వచ్చిందనేనండి. వచ్చే వారం కువైట్ వెళ్తందండి మా అమ్మాయి. అక్కడ ఎవరి పిల్లల్నో చూసుకునే పనండి."

ఆ అమ్మాయి నావైపు చూడలేదు.

అంబాజీపేట దాటేసరికి పాప ఏడుపు ఆగింది. ఆకలికి ఓర్చుకోలేక, మొహం చిట్లిస్తూనే, ఆ చేదుతోనే పాలు తాగుతోంది. తల్లి కళ్లు మూసుకుని కూర్చుంది. ఆమె చెయ్యి పాప వీపు నిమురుతోంది.

ముసలామె కాసేపు చూసింది. తర్వాత సంచిలోంచి అరిటాకు పొట్లం తీసి, విప్పి, కూతురి ముందు పెట్టింది.

"అలవాటు పడిపోతందే. ఇంకాస్త రాయి."