ఒకటి తీసినా నడిచే యాంప్లిఫైయర్

మా ఆయనకి ఆఫీసులో పెట్టిన పేరు ‘వేణ్ణీళ్ల సారు’. పెట్టినవాళ్ల నోట్లో మన్ను పడ! అలాగని అబద్ధమూ కాదు. కంటికానని కణాల్ని తరిమే యాక్సిలరేటర్ అనే పెద్ద యంత్రం ఉందిలెండి, దానికి రేడియో తరంగాల బలం అందించే యాంప్లిఫైయర్ కట్టడం ఆయన పని. యంత్రం తయారయ్యేదాకా, పరీక్ష పెట్టినప్పుడల్లా పుట్టిన బలమంతా నీళ్ల గొట్టంలోకి పోయేది. నీళ్లు కాగేవి, ఈయన మురిసిపోయేవారు. ఇంట్లో గీజరు పాడైతే మాత్రం “ఎవరినైనా పిలిపించు” అనేవారు.

పాత పద్ధతిలో ఆ బలమంతా ఇచ్చేది ఒకటే పెద్ద ట్యూబు. అది పోతే పనంతా బందు. ఈయనగారు బీరువాల నిండా ట్రాన్సిస్టర్ పలకలు పేర్చి, అన్నిటి బలాన్నీ ఒక్కచోట కలిపారు. ఒకటీ అరా పోయినా మిగతావి లాక్కొస్తాయి. అందుకే కొన్ని ఎక్కువే పెట్టారు.

“ఉమ్మడి సంసారం లాంటిదోయ్” అన్నారు నాతో.

“అందులో చాకిరీ ఎవరిదో కూడా చెప్పండి” అన్నాను.

ఓ రోజు కమిటీ వచ్చింది. వాళ్లు సరేనంటే ఇది యంత్రానికెక్కుతుంది, కాదంటే పాత ట్యూబే. యాంప్లిఫైయర్ నడుస్తుండగానే ఈయన ఓ పలక పీకి చూపించారు. మీటరు ముల్లు కదల్లేదు. సంబరం ఆగక ఇంకోటి పీకారు.

కమిటీ పెద్దమనిషి గడ్డం గోక్కుని, “తీసినా నడుస్తుంటే అవి దండగే కదండీ?” అన్నాడట.

చూశారా బుర్ర! స్టెప్నీ పారేసి కారెక్కే రకం. మా ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పారు. వినకపోతే, “ఒక్కటి తగ్గించినా సంతకం పెట్టను” అని మొండికేశారు.

“సరే, ఉండనివ్వండి” అని ఆ పెద్దమనిషి, పక్కనే ఉన్న ఆఫీసు డైరెక్టరు వైపు తిరిగాడు. “మరి ఈయన లేకపోతే ఇది నడుస్తుందా?”

డైరెక్టరు ఛాతీ విరిచాడు. “మొన్న వాళ్లావిడ ఆపరేషనుకని నెలంతా రాలేదు. ఏ లోటూ జరగలేదండీ!”

ఇంకేముంది, దండగెవరో తేలిపోయింది.

సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకొచ్చారు. “పాసైందోయ్! ఒక్క పలకా తియ్యరు.”

“మరి మీ సంగతి?”

“నేను అక్కర్లేదట, గేటు కార్డు కూడా తీసేసుకున్నారు. నేను లేకపోయినా నడుస్తుందట!” ఎంత గొప్పగా చెప్పారో పిచ్చి మహానుభావుడు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

“రేపే దాన్ని యంత్రానికి తగిలిస్తున్నారు. ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టు, పొద్దున్నే వెళ్లాలి” అన్నారు.

గేటు కార్డు తీసేసుకున్నారు కదండీ అని నేనే గుర్తు చెయ్యాల్సొచ్చింది.