కూసో అన్నందుకు

మన ఇంటికి ఎవరు వచ్చినా మొదట అనే మాట "కూసో". ఎందుకు వచ్చావని అడగడం, నీళ్ళివ్వడం, కాఫీ పెట్టడం అన్నీ దాని తర్వాతే. గొడవ పెట్టుకోవడానికి వచ్చినవాడికైనా ముందు పీట వేసి ఆ తర్వాతే తిట్టాలి అనేది మా అమ్మ. కూర్చోమన్నా కూర్చోకుండా పోతే ఆ ఇంటివాళ్ళను చిన్నబుచ్చినట్టే. మీ అక్క పుట్టి పెరిగింది ఈ ఇంట్లోనే కదా, ఆ మాట వింటే దాని కాళ్ళు వాటంతట అవే వంగుతాయి. దాని ఉద్యోగం అక్కడే దెబ్బతిన్నది. ఏం, నవ్వుతావెందుకు? ఇది నవ్వే సంగతి కాదు. నువ్వు కూడా అదే నర్సు చదువులో చేరతానంటున్నావు కాబట్టి మీ అవ్వగా చెబుతున్నాను.

మీ అక్క ఇంటర్ ముగించిన ఎండాకాలం ఈ ఇల్లు సంతలాగా ఉండేది. డాక్టరు సీటు పరీక్షలో దానికి మార్కులు చాలలేదు. మీ మేనమామ చిత్తూరు నుంచి వచ్చి, డిగ్రీలో చేర్పించండి, ఆ తర్వాత టీచరు ట్రైనింగ్ చేసుకుంటుంది అన్నాడు. మీ నాయనేమో, నర్సు చదువే కావాలంటే మూడేళ్ళ కోర్సు చాలు, నాలుగేళ్ళది ఎందుకు అన్నాడు. ఇంతలో ఎవరు చెప్పి పంపారో, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక ఏజెంటు దిగాడు. బెంగళూరులో కాలేజీ ఉందట, అన్నీ తనే చూసుకుంటాడట.

"పిల్ల రోజూ క్లాసుకు పోవాలని కూడా లేదక్కా. పరీక్షలప్పుడు పోతే సాలు" అన్నాడు మీ అమ్మతో, అదేదో మాకు మేలు చేస్తున్నట్టు.

నేను వడ్లు చెరుగుతూ వింటున్నాను. "ఏమప్పా, అట్ల పరీక్షలకు మాత్రం పోయొచ్చిన పిల్లతో నువ్వు సూది ఏపిచ్చుకుంటావా?" అన్నాను.

"నాకెందుకవ్వా సూది, నేను బాగానే ఉండా కదా" అన్నాడు.

"అయితే మాకూ వద్దులే, పోయిరా" అన్నాను. కాఫీ తాగకుండానే పోయాడు.

మీ అక్క మాత్రం నాలుగేళ్ళంటే నాలుగేళ్ళే అని కూర్చుంది. మీ తాతను సరిహద్దు అవతల తమిళనాడు ఆసుపత్రిలో పెట్టినప్పుడు అది ఎనిమిదో తరగతిలో ఉంది, నాకు తోడుగా వచ్చింది. అక్కడ ఒక నర్సమ్మ సూది గుచ్చే ముందు ప్రతిసారీ మీ తాత చెయ్యి పట్టుకుని, కొంచెం నొప్పిగా ఉంటుంది తాతా అని తమిళంలో చెప్పేది. ఇంటి పెద్దకు చెప్పినట్టు చెప్పేది. మీ తాత ఆ నర్సు డ్యూటీలో లేని రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. మీ అక్క మనసులో పడింది అదే. జీతం గురించి, బట్టల గురించి అది ఎప్పుడూ మాట్లాడలేదు. "ఆయమ్మ మాదిరి ఉండాల అవ్వా" అనేది, అంతే.

తిరుపతిలో చదివింది, మంచి మార్కులతోనే. చదువు అయ్యాక మొదలయ్యాయి అసలు పాట్లు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగింది. ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న, ఎక్స్‌పీరియన్సు ఉందా అని. ఇప్పుడే కదా సార్ చదువు అయింది అంటే, ఎక్కడైనా చేసి ఎక్స్‌పీరియన్సు తెచ్చుకుని రామ్మా అనేవాళ్ళు. ఎక్కడ చేయాలి? అందరూ అదే అడుగుతున్నారు కదా!

"కాన్పు కాకముందే నీకు బిడ్డలెంతమంది అని అడిగినట్టుండాదే మే" అన్నాను ఫోనులో. నవ్వింది. ఆ రోజుల్లో ఇంకా నవ్వు వచ్చేది దానికి.

ఒకచోట ఆరు నెలలు ఊరికే చెయ్యి, ట్రైనింగ్ అనుకో అన్నారు. ఇంకొకచోట ఆ మేనేజరు దీన్ని కిందికీ పైకీ చూసి, "నర్సు పని నీకెందుకమ్మా, మొహం బాగుంది, ముందర రిసెప్షన్‌లో కూర్చో" అన్నాడట. ఛీ అని లేచి వచ్చేసింది. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఏడుపు కూడా వస్తుంది. ఆ ఊరంతటిలో దాన్ని కూర్చోమన్నవాడు వాడొక్కడే.

చివరికి ఒక ఆసుపత్రిలో తీసుకున్నారు. దాని మార్కులు చూసి కాదు. తమిళం వచ్చా అని అడిగారు. కొండకు వచ్చేవాళ్ళలో జబ్బు చేసినవాళ్ళు అక్కడికి వస్తారు, వాళ్ళతో మాట్లాడేవాళ్ళు కావాలి. మన ఐరాల పక్క పిల్లకు తమిళం రాకపోతే ఎవరికి వస్తుంది? నాలుగేళ్ళు చదివిన చదువు ఇవ్వని ఉద్యోగాన్ని, పాలు పోసే తమిళామెతో మాట్లాడి నేర్చుకున్న మాటలు ఇచ్చాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ ఆఫీసులో పెట్టుకున్నారు. ఏడాది నిండితే అవీ ఇస్తాము, ఎక్స్‌పీరియన్సు కాగితమూ ఇస్తాము అన్నారు.

ఆ ఏడాది మీదే దాని ప్రాణమంతా. చిత్తూరు ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు నర్సులను తీసుకుంటారని, దానికి ఏడాది అనుభవం అడుగుతారని ఎవరో చెప్పారు. ఇంటి నుంచి బస్సులో పోయి రావచ్చు, మనుషుల మాదిరి పని చేసుకోవచ్చు అనుకుంది. "ఈ ఏడాది పండ్లు బిగబట్టుకోని ఉంటా అవ్వా" అనేది.

అక్కడ దానికి పేరు లేదు. "ఏ ఫ్రెషర్!" అంటే ఇది పరిగెత్తాలి. మూడేళ్ళ కోర్సు చేసినా ఫ్రెషరే, నాలుగేళ్ళు చేసినా ఫ్రెషరే, జీతమూ ఒకటే. మీ నాయన అప్పుడు చెప్పింది నిజమేనేమో అని నాకే అనిపించింది. అంతస్తంతా తమిళం వాళ్ళకు మాటలు చెప్పే పని కూడా దీనిదే. తన వార్డు పనిలో ఉంటే పక్క వార్డు నుంచి కేక వేస్తారు. పోతే తన వార్డులో తిట్లు.

ఇదంతా నేను విన్నదే అనుకో. నా కళ్ళతో చూసింది మాత్రం, నేను కొట్టంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నప్పుడు. మీ నాయన నన్ను చిత్తూరుకు, అక్కడి నుంచి తిరుపతికి తీసుకుపోయి, పిల్ల ఉంది కదా చూసుకుంటుందని ఆ ఆసుపత్రిలోనే చేర్చాడు. ఆపరేషన్ అయ్యాక దాని వార్డులోనే వేశారు నన్ను. నాకేమో సంబరం, మనవరాలు పక్కన కూర్చుని మాట్లాడుతుందని. ఒకరోజు గడిచింది, రెండోరోజూ గడిచింది, అది కూర్చున్న పాపాన పోలేదు. తెల్ల బూట్లు కాస్త పెద్ద సైజువి వేసుకుని టకటకా తిరుగుతూనే ఉంది. సైజు ఎందుకట్లా ఉంది అంటే, మధ్యాహ్నానికి కాళ్ళు వాస్తాయి అవ్వా, సరిపోయే బూట్లు కొంటే అప్పుడు పట్టవు అంది.

"ఒక గడియ కూసోకూడదా మే?"

"కొత్తోళ్ళు కూసోకూడదవ్వా. అది ఈడ రూలు."

వార్డు ముందర ఒక బల్ల ఉంది, దాని వెనక ఒకే ఒక కుర్చీ. అది పెద్ద సిస్టరుది. ఆమె లేనప్పుడు ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఈ పిల్లలు దాని పక్కనే నిలబడి రాసుకుంటారు. పైకప్పు మూలలో కెమెరా. ఆఫీసులో ఎవరో కూర్చుని, కూర్చున్నవాళ్ళు ఎవరా అని చూస్తుంటారట!

ఒకరోజు ఎదుటి మంచం దగ్గర ఒకాయన, వాళ్ళ తండ్రికి తోడు ఉన్నవాడు, దీని మీద ఇంతెత్తున లేచాడు. "ఏమ్మా నర్సూ, పిలిచి ఎంతసేపయింది? ఊరికే తిరగతా ఉండావా?"

నాకు ఒళ్ళు మండింది. "ఊరికే తిరిగేదానికి ఇదేమన్నా తిరణాలా నాయనా? పొద్దున్నించి ఆ పిల్ల గుక్కెడు నీళ్ళు తాగలేదు. మీ నాయనకు నువ్వే ఇంత నీళ్ళు పట్టీరాదా, చేతులుండాయి కదా" అన్నాను.

మీ అక్క నా వైపు తిరిగి, "అవ్వా, గమ్మునుండు" అని పెదవులతోనే చెప్పింది. ఆయనకు సారీ చెప్పి, ఆ నీళ్ళు అదే పట్టింది.

ఆ తర్వాతి రోజే. మధ్యాహ్నం డ్యూటీకి రావాల్సిన పిల్ల రాలేదు, దీన్నే ఉండమన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, వార్డు సద్దుమణిగింది. నా చేతిమీద సూది పట్టీ ఊడిపోతే మార్చడానికి వచ్చింది. వంగి చేస్తోంది. వంగినప్పుడల్లా ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుంటోంది. పక్క మంచంలో తమిళావిడ, నా ఈడుదే, మోకాలి ఆపరేషన్, అది చూడలేక, "ఉక్కారుమ్మా" అంది. వాళ్ళ భాషలో కూసోమనే.

నేనూ పక్క సర్దుకుని, మంచం మీద చేత్తో తట్టి, "కూసో పాపా" అన్నాను.

కూర్చుంది. రెండు భాషల్లో ఇద్దరు ముసలోళ్ళు కూర్చోమంటే మన ఇంట్లో పెరిగిన పిల్ల కూర్చోకుండా ఎట్లా ఉంటుంది? మంచం అంచున, సగం బరువు ఇంకా కాళ్ళ మీదే పెట్టుకుని. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "కొంచెం నొస్తాది అవ్వా" అంది. ఆ మాట వినగానే మీ తాత గుర్తొచ్చాడు నాకు. పట్టీ తీసి, కొత్తది అంటించి, అంటించాక కూడా చెయ్యి వదలలేదు. భుజాలు కిందికి దిగాయి. ఒక్క ఊపిరి తీసుకుంది, అంతే. కెమెరాలో చూశారు కాబోలు, బల్ల మీద ఫోను మోగింది.

పెద్ద సిస్టరు వచ్చింది. గట్టిగా కూడా అరవలేదు. "పేషెంటు బెడ్ మీద కూసుంటే ఇన్ఫెక్షన్ అని చదువుకోలేదా నువ్వు?" అంది. ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. అందుకే అడిగాను.

"నేనే కూసోమన్నానమ్మా. బెడ్డు తప్పయితే ఒక స్టూలు ఎయ్యండి. ఇంత పెద్ద మేడ కట్టినారే, స్టూలుకు తావు లేదా?"

"ఇది మీ ఇల్లు కాదవ్వా. మేమంతా ఇట్లా నిలబడే నేర్చుకున్నాం. మాకెవురు ఏసినారు స్టూలు?" అంది ఆమె. ఆమె కాళ్ళ వైపు చూశాను. పిక్కల మీద నరాలు తాళ్ళలాగా ఉబ్బి ఉన్నాయి. అబద్ధం చెప్పలేదు పాపం. అత్త కూడా ఒకింటి కోడలే అంటారు కదా, కోడలి మీద జాలి పుట్టడానికే ఆ సామెత పెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. నేనూ పడ్డాను కదా అని అత్తకు ధైర్యం రావడానికే పెట్టారు.

మరుసటి రోజు మీ అక్కను ఆఫీసులోకి పిలిచారు. ఉద్యోగం తీసెయ్యలేదు, దానికంటే తెలివైన పని చేశారు. ఇంక రెండు నెలల్లో నిండబోయే ఏడాదిని కొట్టేసి, ఆ రోజు నుంచి మళ్ళీ మొదలన్నారు. చేసిన నెలలకైనా కాగితం ఇవ్వండి అంటే, నిండని ఏడాదికి కాగితం లేదన్నారు.

మీ నాయన ఆఫీసు సారును వార్డు బయటే పట్టుకుని బతిమాలాడు. తలుపు వెనక నుంచి నాకు వినబడేంత గట్టిగానే, "మాయమ్మ తెలీక అనేసినాది సార్, పల్లెటూరి మనిషి" అన్నాడు. నా బిడ్డ నోటి నుంచి ఆ మాట విని కాలి నొప్పే మరిచిపోయాను. తెలియక అన్నానా నేను? లోపలికి వచ్చి నా మీద పడ్డాడు. "ఆ ఒక్క మాట అనకుంటే ఏం పోయేదిమా నీకు?"

"ఆ మాట కూడా అనకూడదంటే నాకు నోరెందుకురా?" అన్నాను.

మీ అక్క మా ఇద్దరి మధ్యకు వచ్చింది. "అవ్వను ఏం అనొద్దు నాయనా. కూసున్నది నేను" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

చిత్తూరు ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది, దీని చేతిలో కాగితం లేకుండానే గడువు కూడా దాటిపోయింది. దాంతోపాటు చదివిన పిల్ల ఒకతెకు అక్కడ వచ్చింది, ఇప్పుడు ఇంటి నుంచే బస్సులో పోయి వస్తోంది. మీ అక్క ఇంకా తిరుపతిలోనే, కొత్త ఏడాది లెక్కలో, ఇంకా ఫ్రెషరే. స్టూలు వెయ్యలేదు. నా ప్రశ్న ఆ మేడ మీదే ఎక్కడో ఉండిపోయింది.

నిన్ను ఆ చదువు చదవొద్దని నేను అనను. చదువులో తప్పు లేదు. "కొంచెం నొస్తాది" అని చెప్పి సూది గుచ్చేవాళ్ళు లేకపోతే మాలాంటి ముసలోళ్ళ గతి ఏంది? కానీ రేపు నువ్వు ఉద్యోగానికి పోయినప్పుడు వాళ్ళు నిన్ను అడిగేవి అడగనీ. నువ్వు మాత్రం కుర్చీలు ఎన్ని ఉన్నాయో చూడు. జీతం సంగతి ఆ తర్వాత.

మొన్న సెలవుకు మీ అక్క వచ్చింది, నువ్వు కాలేజీకి పోయి ఉన్నావు. వసారాలోకి వచ్చి, బ్యాగు కూడా దించకుండా గోడకు ఆనుకుని నిలబడింది. నేను కర్ర పట్టుకుని లేచి పీట వాల్చాను.

"కూసో మే."

అది కూర్చోబోయి, ఆగి, తలెత్తి ఇంటి పైకప్పు మూలకు చూసింది. ఒక మూల, ఆ తర్వాత ఇంకో మూల.

"ఏముండాది మే ఆడ?" అన్నాను.

"ఏం లేదవ్వా. ఊరికే" అంది.

నేనూ చూశాను. ఆ మూలలో ఒక బల్లి ఉంది, అంతే. బల్లి పక్కకు పోయేదాకా చూసి, అప్పుడు కూర్చుంది మీ అక్క.