వినపడని ఫుల్ హౌస్

నూనె ప్యాకెట్టు అమ్మేవాడు గరాటు ఎందుకివ్వడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సీసాలోంచి గిన్నెలోకి బుద్ధిగా పడే నూనె, ప్యాకెట్టులోంచి సీసాలోకి పోయబోతే గట్టునంతా పావనం చేస్తుంది. ఈ సత్యం వంటగది బయట కూడా గుర్తుండి ఉంటే, నేరేడ్‌మెట్‌లో మా అపార్ట్‌మెంటు తంబోలా చరిత్రకెక్కేది కాదు.

ఆ ఏడు జనం ఎక్కువై, సగం మందిని బి బ్లాకు హాల్లో కూర్చోబెట్టారు. ఎ బ్లాకులో అంకెలు చదివేది నేను.

"అంకెలు ఆడికెట్ల వినపడ్తయ్?" అన్నాడు సెక్రటరీ.

"వెలుతురు మీద పంపుదామన్నా!"

ఫోనుంది కదా అని మీరడగవచ్చు. వాళ్లూ అడిగారు. ఇంజినీరింగు చదివినవాణ్ణి, వినలేదు.

బ్లాకుల మధ్య ఎవరో వేసి వదిలేసిన గాజు ఫైబర్ పోగులున్నాయి. ఎ హాల్లో అవి నేరుగా, మాటను వెలుతురుగానూ వెలుతురును మాటగానూ మార్చే నా పెట్టెకు అందాయి. బి బ్లాకులో మెట్ల దగ్గరే ఆగిపోయాయి. గాజును అతకాలంటే మిషను కావాలి. ప్లాస్టిక్ ఫైబర్‌కు బ్లేడు చాలు. బి హాల్లో మైకుతో పెట్టిన రెండో పెట్టె దాకా ప్లాస్టిక్ పోగులు లాగి, మూతికి మూతి ఆనించి టేపు చుట్టాను. గాజులో వెలుతురు నడిచే దారి వెంట్రుక కన్నా సన్నం, ప్లాస్టిక్‌లో గుండుసూది మందం. వియ్యానికీ కయ్యానికీ సమవుజ్జీ కావాలన్నారు గానీ, ఫైబర్ల సంగతి ఎవరూ అనలేదు కదా!

మైకులో "హలో" అన్నాను. బి బ్లాకు బాల్కనీలోంచి మా ఆవిడ బొటనవేలు చూపింది. పరీక్ష ముగిసింది. వాళ్ల "హలో" నాకు రావాలన్న ఆలోచన రాలేదు.

బి హాల్లో మా చిన్నమ్మ ఉంది. ఏళ్ల తరబడి ఆడుతున్నా ఒక్క వరస కూడా తగలని మనిషి. ఈసారి ఫుల్ హౌస్‌కు, అంటే టికెట్టు మీది అంకెలన్నీ అందరికన్నా ముందు కొట్టేసినవాళ్లకు, మిక్సీ. ఆమె మిక్సీ కాలిపోయి ఉంది.

"ఎనభై ఎనిమిది!" అన్నాను.

అక్కడ చిన్నమ్మ మైకు లాక్కుని "ఫుల్ హౌస్! ఆగురా!" అని అరిచిందట. ఆ అరుపు ప్లాస్టిక్‌లో లావుగా వచ్చి, సన్నటి గాజు మూతి దగ్గర నూనెలాగే గట్టంతా ఒలికిపోయింది. ఫోన్లు కూడా చేశారట. ఆటలో ఫోన్లు ఆపేయాలన్నది నేను పెట్టిన నియమమే.

"బి బ్లాకు క్రమశిక్షణ చూసి నేర్చుకోండి" అని మెచ్చుకుని, నలభై రెండు చదివాను.

"హౌస్!" అంది ఎ హాల్లో సెక్రటరీ భార్య.

మిక్సీతో ఆమె ఫొటో తీస్తుండగా, చిన్నమ్మ ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చింది, చేతిలో టికెట్టు.

"నా మాట వినపడ్డదా చిన్నమ్మా?"

"మంచిగ వినపడ్డది. మరి నాది?"

సెక్రటరీ భార్య మిక్సీని ఒళ్లోకి ఇంకాస్త జరుపుకుంది.

అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాను: నూనె సీసా సాక్షిగా, ఈ జన్మలో లావు పోగును సన్న పోగుకు అంటగట్టను, తప్పదంటే ఇటు విని అటు చెప్పే పెట్టె ఒకటి మధ్యలో పెడతాను.

చిన్నమ్మ ఓపిగ్గా అంతా విన్నది.

"నీ వైరు సుత నీ లెక్కనే ఉన్నదిరా. చెప్పుడే గని, వినుడు లేదు."