బ్రేకు టీచరు పెట్టిన వంకలు

ఊళ్లో సగం మందికి కారు నడపడం ఆవిడ నేర్పితే మిగతా సగం మందికి పళ్లు ఆయన పెట్టాడని, ఆ దంపతుల గురించి వీధివాళ్లు హాస్యమాడేవారు. అందులో అతిశయోక్తి మరీ ఎక్కువేమీ లేదు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. ఆయన, పళ్ల డాక్టర్లు అచ్చులు తీసి పంపితే వాటిని బట్టి కట్టుడుపళ్లు తయారుచేసే మనిషి. వాళ్లింటి వెనకగదిలో బల్ల మీద ఎప్పుడు చూసినా ఎవరెవరివో పలువరసలు, మనుషులు లేకుండానే నవ్వుతూ ఉండేవి.

ఆవిడని అందరూ బ్రేకు టీచరు అనేవారు. నేర్పే కార్లో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆవిడ ఉద్యోగమంతా ఆ బ్రేకు మీద పాదం ఆనించి కూర్చోవడంలోనే గడిచింది. అయితే ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లని అడిగితే, ఆ బ్రేకు నొక్కగా చూసింది తక్కువ అంటారు. గొంతు పెంచగా విన్నది అసలే లేదంటారు. కూడలి మధ్యలో ఇంజను ఆగిపోయి, వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతూ, స్టీరింగు పట్టుకున్న మనిషికి ముచ్చెమటలు పోస్తుంటే, ఆవిడ అద్దం దించి చెయ్యి బయటపెట్టి, పసిపిల్లని జోకొట్టినట్టు గాల్లో నెమ్మదిగా ఆడించేది.

"వెనకవాళ్లెవరూ పొయ్యి మీద పాలు పెట్టి రాలేదులేమ్మా. ఆగుతారు. నువ్వు నిదానంగా స్టార్ట్ చెయ్," అనేది.

ఆ ఒక్క మాటతో కుదుటపడి బండి కదిలించినవాళ్లు ఆ ఊళ్లో కొల్లలు. కారెక్కితే ఆవిడకి అందరూ 'నువ్వే'. బ్యాంకు మేనేజరైనా అంతే, కట్టుకున్న మొగుడైనా అంతే. దిగాక మళ్లీ ఎవరి గౌరవం వాళ్లకి.

పాఠంలో ఆవిడదంటూ ఒక పద్ధతి ఉండేది. ముందున్న బండిని దాటాలని ఎవరైనా ఉబలాటపడితే, "సరే, ఎందుకు దాటకూడదో ముందు చెప్పు," అనేది. ఎదురుగా మలుపుందనో, రోడ్డు తడిగా ఉందనో నేర్చుకునేవాళ్లు వెతికి చెప్పాలి. ఎంత వెతికినా కారణం దొరక్కపోతేనే దాటాలి. కావాలనుకున్న మనిషికి మంచి ఎలాగూ కనపడుతుంది, కనపడనిది చెడ్డే కాబట్టి దాన్ని ఆ మనిషి చేతే వెతికించాలన్నది ఆవిడ వాదం.

పెళ్లికి ముందు ఆయన కూడా ఆవిడ శిష్యుడే. ఆ రోజుల్లో ఆయన రివర్సు చేస్తే కారు ఒకవైపు, చూపు ఇంకోవైపు పోయేవి. లైసెన్సు చేతికొచ్చిన రోజున, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని, "టీచరుగారూ, మనం పెళ్లి చేసుకుంటే ఎలా ఉంటుంది?" అని అడిగేశాడు.

ఆవిడ అద్దంలో వెనక రోడ్డు ఒకసారి చూసుకుంది. "కావాలన్నది నువ్వు కదా. ఎందుకు కూడదో చెప్పు."

ఆయన తడబడుతూనే మొదలుపెట్టాడు. గురక పెడతానన్నాడు. పనిలో పడితే పిలిచినా పలకనన్నాడు. బట్టల నిండా ఎప్పుడూ సుద్దపొడి అన్నాడు. మా అమ్మకి నోటి దురుసు అన్నాడు. చెప్పుకుంటూ పోయేసరికి ఆయనకే తన మీద విరక్తి పుట్టింది.

"మరి నా గురించి మంచి ఎవరు చెప్తారండీ?" అన్నాడు దీనంగా.

"వద్దనుకున్నవాళ్లు చెప్పాలి. ఇక్కడ వద్దనుకున్నవాళ్లు ఎవరూ లేరుగా," అంది ఆవిడ.

అలా మొదలైన సంసారంలో ఆ పద్ధతే చట్టమైంది. కావాలన్నవాళ్లు వంకలు పెట్టాలి, వద్దన్నవాళ్లు మెచ్చుకోవాలి, టీచరు విని తేల్చాలి. సోఫా, ఫ్రిజ్జు అన్నీ ఆ తూకంలోనే తూగి ఇంట్లోకొచ్చాయి. కూతురు ఫైరింజను నడిపే ఉద్యోగంలో చేరతానన్నప్పుడు ఆయన ఒంటికాలి మీద లేచాడు. లేచిన పాపానికి ఆ ఉద్యోగాన్ని మెచ్చుకోవలసింది ఆయనే అయింది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకుని, చివరికి దరఖాస్తు మీద తనే సంతకం పెట్టాడు.

ఇందులో ఒక తిరకాసు ఉందని ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది. విని తేల్చే మనిషికి సొంతపక్షం ఉండదు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోట 'నాకిది కావాలి' అన్న మాట ఆయన వినలేదు. కర్టెన్ల రంగు అడిగినా, సెలవులకి ఎక్కడికెళ్దామని అడిగినా, "మీ ఇద్దరికీ ఏది నచ్చితే అది," అనేది.

ఆ నెలాఖరుకి ఆవిడ స్కూలు మానేస్తోంది. స్కూలు కారు స్కూల్లోనే ఉండిపోతుంది. ఇంట్లో ఉన్నదల్లా ఆయన పాత స్కూటరు. ఊరందరికీ కారు నేర్పిన మనిషి, తనకోసమని ఒక్కనాడూ ఎక్కడికీ కారేసుకుని వెళ్లలేదని ఒకనాడు పని బల్ల దగ్గర ఆయనకి తట్టింది. చేతిలో ఉన్న పలువరస పక్కన పెట్టేశాడు. ఆ సాయంత్రమే కారు కొందామన్న మాట ఎత్తాడు. డబ్బు సంగతి ఇద్దరూ మాట్లాడుకున్నారు, దానికి ఢోకా లేదు. ఆయన బెంగల్లా ఒకటే. ఆవిడకి నిజంగా కావాలా, లేక ఆయన ముచ్చట పడ్డాడని సరే అంటోందా? ఆయన కోసమే అయితే ఆ కారు ఆ గుమ్మం ముందుకి రావడానికి వీల్లేదని ఆయన మనసులో గట్టిగా అనుకున్నాడు.

షోరూములో బండి చూపించినాయన నడివయసువాడు, ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. ఆవిడని చూడగానే టై సర్దుకుని, చూయింగ్‌గమ్ తీసి కాగితంలో చుట్టేశాడు. వాళ్లు చూడ్డానికొచ్చింది కాంపాక్ట్ ఎస్‌యూవీ. పొడవు చిన్నకారంతే, ఎత్తు మాత్రం పెద్దబండి ఎత్తు, లేతనీలం రంగు. ఆవిడ చుట్టూ తిరిగి, టైర్లు చూసి, తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. పక్కసీట్లో.

స్టీరింగు ముందు సీటు ఖాళీగా మిగిలింది. బయట నిలబడ్డ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేడం, మరి నడిపేది...?"

"ఎవరో ఒకరు ఎక్కండి. నేను చూస్తాగా."

మొగుడే స్టీరింగు ముందు ఎక్కాడు, షోరూమాయన వెనక కూర్చున్నాడు. ఆవిడ పాఠం మొదలైంది. "మిర్రరు. సిగ్నలు. అదిగో, సైకిలాయన. దూరం ఉంచు. ఇంకా." మధ్యమధ్య ఆవిడ పాదం బ్రేకు లేని చోట మ్యాట్ మీద దబ్బుమని పడుతోంది. అది పడినప్పుడల్లా వెనకసీట్లో షోరూమాయన పాత భయం కొద్దీ పైనున్న పిడి గట్టిగా పట్టుకుంటున్నాడు.

ఆటస్థలం గోడ పక్కన ఆయన బండి ఆపేశాడు. "టీచరుగారూ, ఇక మీ వంతు."

"నాకెందుకు? చూశాగా."

"చూడ్డం వేరండీ," అని ఆయన దిగిపోయి, ఆవిడ వైపు తలుపు తీసి నిలబడ్డాడు. గత్యంతరం లేక ఆవిడ దిగి స్టీరింగు ముందుకి మారింది, ఆయన పక్కసీట్లో కూర్చున్నాడు.

సీటు సర్దుకుంది, అద్దాలు సర్దుకుంది, మళ్లీ సీటు సర్దుకుంది. బండి కదిలింది. ఆశ్చర్యం ఏమిటంటే, ఎప్పుడూ రోడ్డుని చదివి వినిపించే మనిషి నోరు మెదపలేదు. ఊరి ఇళ్లు పలచబడ్డాయి. ఆవిడ అద్దం కొంచెం దించింది. గాలికి నెరిసిన జుట్టు నుదుటి మీద పడితే తీసుకోలేదు. వెనక్కి తిరగాల్సిన చోటు వచ్చింది, వెళ్లిపోయింది.

షోరూమాయన చాలాసేపు ఓపికపట్టి, గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఏమనుకోకండి... మనం తిరగాల్సిన మలుపు వెనకే పోయింది."

"అవునా?" అంది ఆవిడ, నిద్రలోంచి లేచినట్టు.

ఆవిడ మలుపు మర్చిపోవడం! ఆయన నవ్వు కనపడకుండా కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. అడిగితే మాత్రం ఇంటికొచ్చాక ఆవిడ, "బాగానే ఉంది," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం కూతురు డ్యూటీ దిగి వచ్చింది. ముగ్గురూ టీ కప్పులతో వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు.

"కావాలన్నదెవరు?" అంది టీచరు.

"నేను," అన్నాడాయన.

"వద్దన్నది?"

"నేనేనమ్మా. మీ ఇద్దరికీ చిన్నకారు చాలదూ? అది కారేంటి, చిన్నకారుకి ఎత్తుమడమల చెప్పులు తొడిగినట్టుంటే!"

"అయితే మెచ్చుకో."

"తప్పదా?"

"తప్పదు."

ఫైర్ స్టేషన్లో తోటి ఉద్యోగికి అదే బండి ఉంది కాబట్టి దాని గుట్టుమట్లన్నీ ఆ అమ్మాయికి తెలుసు. చేదుమందు మింగుతున్నట్టు మొహం పెట్టి మొదలుపెట్టింది. "సీటు ఎత్తు సరిగ్గా సరిపోయింది. నాన్నని చిన్నకార్లోంచి బయటికి తియ్యాలంటే నూతిలోంచి చేదినట్టు లాగాలి. ఇందులో కుర్చీ మీంచి లేచినట్టు లేచిపోవచ్చు. గతుకుల్లో బండి అడుగు తగలదు. గేర్లు మార్చే పని లేదు కాబట్టి ఎత్తు మీద ఆగినా వెనక్కి జారదు..."

"ఇంకా?"

"ఇంకానా! సరే, చుట్టూ రోడ్డు బాగా కనిపిస్తుంది."

"కనిపించదు," అని ఆయన అందుకున్నాడు. "ముందు అద్దం పక్కన ఆ స్తంభం ఎంత లావో చూశావా? మలుపులో దాని వెనక నిలువెత్తు మనిషి దాక్కోవచ్చు. వెనక అద్దం చూస్తే పోస్టు డబ్బా నోరంత. వెనక రోడ్డు చూపించే ఆ కెమెరా ఒక్కరోజు పని చెయ్యకపోతే మన గతి గోవిందా. నెమ్మదిగా పోతే ప్రతి గతుకూ నడుముకి తెలుస్తోంది. పళ్లు టకటకలాడాయంటే నమ్ము. నావి సొంతవి కాబట్టి నోట్లో నిలిచాయి."

కూతురు టీ పొలమారేలా నవ్వింది.

"నవ్వకు. వెనక ముగ్గురు కూర్చుంటే నడిమివాడు జైల్లో ఉన్నట్టే. డిక్కీ అంచు ఎత్తు, ప్రతి సంచీ నడుము దాకా ఎత్తి లోపల వెయ్యాలి. ఏసీ తగ్గించాలంటే రోడ్డు మీంచి కళ్లు తీసి ఆ తెర మీద వెతుక్కోవాలి."

"తెర జోలికెందుకు వెళ్లావు నాన్నా? దాని కిందే గుండ్రటి మీటలున్నాయిగా. చేత్తో తడిమితే చాలు."

"వద్దన్నదానివి, మరీ అంత మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నావేమిటే?"

ఇద్దరూ టీచరు వైపు చూశారు. ఎప్పుడైతే ఇద్దరి మాటలూ అయిపోతాయో, అప్పుడు ఆవిడ తేల్చాలి. ఆవిడ కప్పుని సాసరులో ఇటూ అటూ తిప్పుతూ కూర్చుంది.

"హారను బాగాలేదు," అంది.

ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాడు.

"బాతుపిల్ల అరిచినట్టుంది. ఆ నీలం రంగు మీద దుమ్ము ఇట్టే కనపడుతుంది. స్టీరింగు మరీ తేలిక, చెయ్యి ఆనిస్తే తిరిగిపోతోంది, మనిషికి బద్ధకం అలవాటవుతుంది. సీటు కూడా అంత సుఖంగా ఉండకూడదు. అలా కూర్చోబెడితే ఎవరైనా దారి మర్చిపోతారు."

"నాన్నా," అంది కూతురు గొంతు తగ్గించి, "అమ్మ వంకలు పెడుతోంది."

ఆయన ఊరుకోమని సైగ చేశాడు. ఆ ఇంట్లో వంకలు పెట్టేది ఎవరో ముగ్గురికీ తెలుసు.

"పక్కసీటు దగ్గర బ్రేకు లేదు," అంది ఆవిడ చివరికి.

హాస్యానికి ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఆయన మానుకున్నాడు.

"నిజమేనండీ. ఇన్నాళ్లూ అందరి పక్కనా నేనున్నాను. ఎవరు తప్పు చేసినా ఆపుతానని వాళ్లకీ ధైర్యం, నాకూ ధైర్యం. నేను నడిపితే నా పక్కన ఎవరున్నారు? ఇవాళ మలుపే దాటేశాను. రేపు ఇంకేదో దాటేస్తాను."

పంపులోంచి నీటిబొట్లు సింకులో పడుతున్నాయి.

"నేను పక్షం మారుస్తున్నా," అన్నాడాయన. "ఆ కారు మనకొద్దు."

"నాన్నా!" అంది కూతురు.

"వద్దన్నవాణ్ణి కాబట్టి ఇక మెచ్చుకుంటాను, వినండి. మలుపు దాటాక కూడా ఆ బండి ఎలా వెళ్లిందో నేను పక్కన కూర్చుని చూశాను. ఒక్క కుదుపు లేదు. గడ్డిమోపుల బండిని దాటేముందు నువ్వు కాస్త ఆగావు. నోరు విప్పలేదు గానీ, ఎందుకు దాటకూడదా అని లోపల వెతుక్కుంటున్నావని నాకు తెలిసింది. నీ గొంతు వినపడకుండా రోడ్డు మీద ఉండటం నా జన్మలో అదే మొదటిసారి. భయం వెయ్యాలి కదా? నా పాదం ఒక్కసారైనా మ్యాట్‌ని నొక్కలేదు."

"నిజంగా?"

"నీ శిష్యుణ్ణే అడుగు. పిడి వదిలేసి, వెనకసీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు."

ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"బాగానే ఉంది," అంది కూతురు. "ఒకరు వంకలు పెట్టారు, ఒకరు మెచ్చుకున్నారు. మరి తేల్చేదెవరు?" ఇద్దరూ తన వైపే చూస్తుంటే ఆ అమ్మాయి తల్లిలాగే కప్పుని సాసరులో తిప్పింది. "సరే. హారను మార్పించే షరతు మీద, కారు అమ్మకి."

హారను మారింది. నీలం మారలేదు, ఆవిడ మార్చనివ్వలేదు.

కారు ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున, ఆయన వెనకగదిలో అచ్చులు పోసే సుద్ద కలుపుకుంటుంటే ఇంజను చప్పుడు వినిపించింది. తడిచేతులతోనే వీధిలోకి పరుగెత్తాడు. పక్కసీటు ఖాళీగా ఉంది. ఎక్కుదామా అని ఒక అడుగు ముందుకేసి, ఆగిపోయాడు. ఆవిడ అద్దాలు చూసుకుంది, సిగ్నలు వేసింది, వీధి చివర తిరిగి కనపడకుండా పోయింది. ఆయన చేతిలో సుద్ద గట్టిపడిపోయింది.

తిరిగొచ్చేసరికి భోజనాల వేళ దాటింది. ఆవిడ బండి గోడవారగా పెట్టి, తలుపు వేసి, దాని మీద పడ్డ దుమ్ముని కొంగుతో తుడిచింది.

"ఎక్కడికెళ్లావోయ్?"

"ఎక్కడికీ లేదండీ," అంది ఆవిడ. "ఆ రోజు మలుపు దాటేశాను కదా. ఆ తర్వాత ఏముందో చూసొచ్చాను."