గువ్వ వీపు రంగు

పటియాలా పాతబస్తీలో, కోటగోడ నీడ పొద్దెక్కేదాకా పడి ఉండే సందులో బిశన్ దాస్ దుకాణం. దుకాణమంటే ఒక అరుగు, రెండు పొయ్యిలు, అడుగు మసిబారిన ఇత్తడి గిన్నెలు, కలిపి కలిపి నడుమున సన్నబడిన ఒక కర్ర. తలపాగాలకూ చున్నీలకూ రంగు వేసే లలారీలు ఆ సందులో ఇంకా ఉన్నారు. అయినా ముసలి సర్దార్లు ఎండనీ వాననీ చూడకుండా అతని అరుగు దగ్గరికే వచ్చేవారు. అతను పాత ఖాతాదారులను నమూనా అడగడు. కొత్త బట్ట అక్కడ పడేసి, టీ తాగి వచ్చేసరికి వాళ్ళ రంగు వాళ్ళకు తయారుగా ఉండేది.

ఈ పద్ధతి అతని ఉస్తాద్‌ది. దేశం రెండుగా చీలిన ఏడాది బిశన్ దాస్ తల్లిదండ్రులు బహావల్‌పూర్ నుంచి కట్టుబట్టలతో వచ్చి, ఊరి శివార్లలోని త్రిపడీలో గుడారం వేసుకున్నారు. పటియాలాలో రంగులు వేసే ముసల్మానులు అప్పటికే లేరు. పొయ్యిలున్నాయి, గిన్నెలున్నాయి, మనుషులు లేరు. తలపాగా లేనిదే గడప దాటని ఊరది. అదీ పటియాలా కట్టు, ముఖమల్ మడతలాగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండాలి. రంగు ఒక్క చోట తేలిపోయినా పదిమందికీ కనిపిస్తుంది. పని ఉంది, నేర్పేవాడు లేడని గ్రహించిన తండ్రి, కొడుకును బస్సెక్కించి మలేర్‌కోట్లా తీసుకుపోయాడు. ఆ ఊళ్ళో ముసల్మానులను ఎవరూ తాకలేదు. అక్కడ సద్దీక్ అనే లలారీ పిల్లవాణ్ణి ముందు నీళ్ళ రుచి చూడమన్నాడు.

"ఉప్పగా ఉంది" అన్నాడు బిశన్.

"మీ ఊళ్ళో ఇంకా ఉప్పగా ఉంటుంది. అక్కడ గులాబీ విచ్చుకుంటుంది, పసుపు ముడుచుకుపోతుంది. రంగు కన్నా ముందు నీళ్ళు తెలియాలి."

నమూనా సంగతి కూడా అప్పుడే చెప్పాడు. కొత్తవాడి దగ్గర నమూనా తీసుకో. ఒకసారి అతని తలకు రంగు వేశాక మళ్ళీ నమూనా అడిగావంటే, నీ మొహం నాకు గుర్తులేదని చెప్పినట్టే.

బిశన్ దాస్ ఆ మాట జీవితమంతా నిలబెట్టుకున్నాడు. బసంత్ పండగకు ఊరంతా పసుపు అడిగినప్పుడూ, ఎన్నికలొచ్చి సగం ఊరు ఒక పార్టీ నీలంలోకి మారినప్పుడూ, వానలకు నది పొంగి సందులోకి మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చి పొడుల డబ్బాలన్నీ కొట్టుకుపోయినప్పుడూ, ఎవరి రంగు ఏమిటో అతని కంటికి తెలుసు. మిఠాయి కొట్టు తిలక్‌రాజ్‌ది కాల్చిన ఇటుక. కోర్టు గుమాస్తాగా పనిచేసి రిటైరైన ఉజాగర్ సింగ్‌ది గువ్వ వీపు. మెడ కాదు, వీపు. బూడిద రంగులో ఉందా లేదా అన్నంత నీలం. ఆ రంగు కుదరడానికి అప్పట్లో అతనికి ఒక చలికాలం పట్టింది.

రెండేళ్ళుగా అతని కళ్ళలో శుక్లాలు ముదురుతున్నాయి. అతను ఒప్పుకోలేదు. భార్య వీరాంవాలి పోరు పెట్టగా పెట్టగా చివరికి ధర్మాసుపత్రికి వెళ్ళి ఒక కన్ను ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండోది తర్వాత చూద్దామన్నారు. నల్లద్దాలు పెట్టి, పొగకూ ఆవిరికీ దూరంగా ఉండమని పంపించారు. అతను ఇంట్లో ఉన్న రోజుల్లోనే ఉజాగర్ సింగ్ పోయాడు. ఆ కబురు వీరాంవాలి రొట్టె వడ్డిస్తూ మెల్లగా చెప్పింది. అతను తుంచిన ముక్క పళ్ళెంలోనే పెట్టి లేచాడు.

అతను తిరిగి దుకాణానికి వచ్చిన మొదటి రోజునే ఉజాగర్ కూతురు రూపిందర్ వచ్చింది. చేతిలో తెల్ల మల్లు గుడ్డ, ఒక సంచి.

"సత్ శ్రీ అకాల్, చాచాజీ. కన్నెలా ఉంది?"

"నాదేముంది పుత్తర్, నీ సంగతి చెప్పు. మీ నాన్న మంచంలో పడకుండానే వెళ్ళిపోయాట్టగా."

"చాయ్ అడిగారు చాచాజీ. తెచ్చేలోపే." ఆమె తెల్ల గుడ్డ ముందుకు చాపింది. "ఎల్లుండి భోగ్, నాన్న పేర చివరి ప్రార్థన. తమ్ముడికి పగ్గు కడతారు. నాన్న రంగే కట్టాలంది అమ్మ."

తండ్రి పోయాక బంధువులందరి ముందూ పెద్దకొడుకు తలకు తలపాగా చుడితే, ఇక ఆ ఇంటి బరువు అతనిదని లెక్క. బిశన్ దాస్ గుడ్డ అందుకున్నాడు.

"నమూనా తెచ్చాను" అంటూ రూపిందర్ సంచిలో చెయ్యి పెట్టింది.

"నీకేమన్నా మతిపోయిందా? మీ నాన్న రంగుకి నాకు నమూనా ఇస్తావా? నీ పెళ్ళిలో ఆయన కట్టినదానికి రంగెవరు వేశారనుకున్నావ్?"

"అమ్మ ఇవ్వమంది, చాచాజీ."

ఆమె తలపాగా తీసి అతని ఒళ్ళో పెట్టింది. అతను నల్లద్దాలు తీసి చూశాడు. అతని మొహం మారింది.

"ఇదెవడు తగలేశాడు? కొత్త మార్కెట్లో ఆ కుర్రలలారీయేనా? ఛీ, ఇది గువ్వా? బడిపిల్లల నిక్కరు! నీలిమందు గిన్నెలో పడేసి మర్చిపోయినట్టుంది. మీ నాన్న చివర్లో నన్నొదిలి వాడి దగ్గరికి పోయాడా? నాతో ఒక్క మాటైనా అనకుండా?"

అరుగు కింద తడి చున్నీ ఒక కొస పట్టుకుని గాలికి ఆడిస్తున్న వీరాంవాలి చేతులు ఆగిపోయాయి. రూపిందర్ ఆమె వైపు చూసింది. రెండో కొస పట్టుకున్న ఖాతాదారు సందు చివర ఏదో కొత్తగా కనిపించినట్టు అటు తిరిగింది.

"మాట్లాడరేం?" అన్నాడు బిశన్ దాస్.

"అది నువ్వు వేసిందే" అంది వీరాంవాలి.

అతను మళ్ళీ తలపాగా వైపు చూశాడు. కొస విప్పి అంచు తడిమాడు. చుక్క పడకుండా, ఎక్కడా మరక తేలకుండా, మొదట్నుంచీ చివరిదాకా ఒకే తీరుగా పట్టిన రంగు. చెయ్యి అతనిదే. రంగు మాత్రం కాదు.

"ఎప్పట్నుంచి?"

"ముందు బాదం రంగు చున్నీలు పసుపుగా వచ్చాయి. తర్వాత ఈ బూడిదలన్నీ నీలంలోకి జరిగాయి. నీకు ఎంత వేసినా చాలనట్టుండేది. ఇంకాస్త, ఇంకాస్త అని వేసేవాడివి."

"చెప్పలేకపోయావా?"

"చెప్పలేదా? కళ్ళు చూపించుకోమని రోజూ చెప్తూనే ఉన్నాగా. నీ కళ్ళు నువ్వు చూసుకోమన్నావ్."

"మరి వీళ్ళు? వీళ్ళకేమైంది? నోళ్ళు కుట్టేసుకున్నారా?"

వీరాంవాలి చున్నీ కొస మళ్ళీ గాలికి ఎత్తింది. జవాబు రూపిందర్ చెప్పింది.

"చాచీ మా ఇంటికొచ్చి చెప్పింది. మీ ఇష్టం, ఇంకో చోట వేయించుకున్నా ఏమీ అనుకోనంది. నాన్న నవ్వారు. బిశన్ నన్ను మళ్ళీ కుర్రాణ్ణి చేస్తున్నాడు, నీకేం కడుపుమంట భాభీ, అన్నారు. కోర్టు దగ్గర పాత స్నేహితులు, ఉజాగర్, ఈ వయసులో బ్యాండులో చేరావా అని ఏడిపించేవాళ్ళు. అయినా అదే కట్టేవారు."

"అంటే నా మీద జాలిపడ్డారన్నమాట, అందరూ కలిసి."

పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. బిశన్ దాస్ లేచి, ఆవిరికి దూరంగా ఉండమన్న డాక్టరు మాట మరచి, చిన్న గిన్నె ముందుకు లాక్కున్నాడు. చిటికెడు నలుపు, గోటితో తీసినంత నీలం, ఉప్పు. గుడ్డపీలిక ఒకటి ముంచి, పిండి, పొయ్యి అంచున ఆరబెట్టి రూపిందర్ చేతిలో పెట్టాడు.

"ఇదీ మీ నాన్న. ఎండలో చూడు. నీ చిన్నప్పుడు నిన్ను సైకిలు మీద బడికి తీసుకెళ్ళేటప్పుడు ఇదే ఉండేది ఆయన తలమీద. నలుగురి ముందూ ఇదే కట్టాలి. నా తప్పు నీ తమ్ముడి నెత్తినెందుకు?"

రూపిందర్ అరుగు దిగి, పీలికను ఎండలోకి పట్టి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే, చాచాజీ. నాకు గుర్తుంది."

"మరి?"

"అమ్మ నన్నడిగింది ఇది కాదు. నాన్నని చివరిసారి సాగనంపింది ఆ రంగు తలపాగాతోనే. ఎల్లుండి గురుద్వారాలో పెట్టే ఫోటోలోనూ అదే. అమ్మకి ఇప్పుడు కళ్ళ ముందున్నది అదే."

"తప్పని తెలిసీ మళ్ళీ వేయమంటావా నన్ను?"

"మీరు వేసిందే వేయమంటున్నా."

అతను పొయ్యి ముందు కూలబడ్డాడు. వద్దంటే ఆ పిల్ల కొత్త మార్కెట్‌కు పోతుంది, అక్కడి కుర్రవాడు అంగట్లో దొరికే నీలం ఏదో ముంచి ఇస్తాడు. వేస్తే ఊరి పెద్దలందరి ముందూ ఆ ఇంటి కొడుకు తలమీద తన గుడ్డితనం కూర్చుంటుంది. వీరాంవాలి అతని భుజం మీదుగా వంగి పొయ్యి మంట తగ్గించింది. ఆవిరి తగలకుండా నల్లద్దాలు అతని చేతికిచ్చింది. అతను వాటిని జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కొస ఇలా ఇవ్వు" అన్నాడు.

పాత తలపాగా కొసను గిన్నె అంచుకు ముడివేశాడు. ఆ రంగు కూడా సులువుగా కుదరలేదు. గువ్వ వీపు చేతికి వచ్చు. కానీ ఈ నీలం అతను ఎన్నడూ చూడలేదు, వేశాడంతే. ఎంత ఎక్కువ వేశాడో ఇప్పుడు వెతుక్కోవాలి. పీలిక ముంచి చూశాడు, చాలలేదు. ఇంకాస్త వేశాడు. మళ్ళీ చాలలేదు. ఇంత కలిపానా అని తనలో తానే గొణుక్కున్నాడు. చివరికి పీలిక, కొస ఒకటైపోయాక మల్లు గుడ్డ మొత్తం ముంచి, కర్రతో తిప్పాడు.

తడిగుడ్డకు ఒక కొస వీరాంవాలి, ఒక కొస రూపిందర్ పట్టుకుని సందు మధ్యలో ఆరబెట్టారు. సైకిళ్ళ వాళ్ళు తల వంచి కిందినుంచి పోయారు. గాలికి అది పైకి లేచి, పడి, మళ్ళీ లేచింది. బిశన్ దాస్ ఆపరేషనైన కంటిని అరచేత్తో మూసుకుని, పాత కంటితో చూశాడు. సందులో గువ్వ వీపు ఎగురుతోంది. ఎప్పటిలాగే, ఉందా లేదా అన్నంత నీలంతో. చెయ్యి తీశాడు. నీలం. మళ్ళీ మూశాడు.

"కన్ను నలపకు" అని అరిచింది వీరాంవాలి.

"నలపట్లేదులే."

రూపిందర్ తలపాగా మడిచి, పాతదాన్నీ గువ్వ రంగు పీలికనూ దానితోపాటు సంచిలో పెట్టుకుని వెళ్ళింది. పీలిక ఎందుకని అతను అడగలేదు.

సాయంత్రం మిఠాయి కొట్టు తిలక్‌రాజ్ వచ్చాడు. వస్తూనే వీరాంవాలి మొహంలోకి ఒకసారి చూసి, గుడ్డ అరుగు మీద పడేశాడు.

"వచ్చేశావా బిశన్! ఆ అద్దాల్లో సినిమా హీరోలా ఉన్నావ్. నాదెప్పుడూ వేసేదేగా, చాయ్ తాగొస్తా."

"ఆగు" అన్నాడు బిశన్ దాస్. "నమూనా ఏది?"

తిలక్‌రాజ్ నవ్వబోయి ఆగాడు. "నమూనా ఏంట్రా? నా మొహం మర్చిపోయావా?"

"మొహం గుర్తుందిలే. నెత్తిమీద ఉన్నది విప్పి ఇలా ఇవ్వు."