నల్ల సైకిలు మీద కోడి నెత్తురు

నా సైకిలు మీద కోడి నెత్తురు పోసిన దసరా గురించి రాయాలని కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. ఎవరికైనా చెప్పుకుంటే తప్ప పోయేలా లేదు.

మాది చిట్యాల దగ్గర ఊరు. గొర్లు, మేకలు మేపుకుని బతికినవాళ్లం. తెలంగాణ వచ్చాక హైవే పక్కన భూముల ధరలు పెరిగి, మా రాళ్ల చెలక ప్లాట్లయింది. చేతిలోకి డబ్బు వచ్చింది, ఒంట్లోకి షుగరు వచ్చింది. దవాఖానలో డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. మామూలు సైకిలు కొనుక్కుంటే సరిపోయేది. నేను హైదరాబాదులో ఒక పెద్ద దుకాణానికి పోయాను. నన్ను గోడకు నిలబెట్టి కాళ్లు, చేతులు, నడుము, భుజాలు కొలిచారు. ఆ కొలతలకు, ఇనుము కంటే తేలికైన కార్బన్‌తో ఫ్రేమ్ చేయించి తెప్పించారు.

చిన్నప్పుడు అన్న విడిచిన చొక్కాలు, బాపు విడిచిన చెప్పులు వేసుకున్నవాణ్ణి. నా ఒంటి కొలతకు తయారైన మొదటి వస్తువు ఆ సైకిలే. నల్లగా, సన్నగా ఉండేది. ఒక్క చేత్తో లేపితే మేకపిల్లను ఎత్తినట్టే ఉండేది. పొద్దున్నే రామన్నపేట దాకా తొక్కి వస్తే ఆ రోజంతా నాకు ఆకలి కూడా తెలిసేది కాదు.

తర్వాత బరువు తగ్గించే పిచ్చి పట్టుకుంది. ఆదివారం పొద్దున హైదరాబాదు నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు చిట్యాలలో టీకి ఆగేవాళ్లు. ఒంటికి అతుక్కుపోయిన బట్టలు, గడ్డం కింద నుంచి కారే చెమట. ఆ చెమట టీ గ్లాసులో పడినా చూసుకోరు. పక్కవాడి సైకిలును మాత్రం వేలితో లేపి బరువు చూస్తారు. "చక్రాలు మార్చు అన్నా, గాల్లో తేలుతావ్" అని ఒకడు, "సీటు మార్చు" అని ఒకడు. చక్రాలు మార్చాను. సీటు మార్చాను. హ్యాండిల్ మార్చాను. చివరికి మరలు కూడా మార్చాను. ఏది మార్చినా తగ్గేది నిమ్మకాయంత బరువు. నా బొజ్జ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

మా అక్క మొగుడు ట్రాక్టరు నడుపుతాడు. మా ఇంటి వెనకాలే వాళ్ల ఇల్లు. నేను పట్నం నుంచి వచ్చినప్పుడల్లా బావ గేటు దగ్గరే పట్టుకునేవాడు.

"గీసారి ఎంత తగ్గిందిర?"

"నిమ్మకాయంత."

"నువ్వు పొద్దుగాల చెంబు పట్టుకపోయి వస్తే గంతకంటె ఎక్కువ తగ్గుతది గదర బామ్మర్ది! దానికి పట్నం పోవుడెందుకు?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

మా దగ్గర దసరా నాడు బండ్లకు పూజ చేస్తారు. మా ఇంటి బండ్లన్నిటికీ బావే చేస్తాడు. ఆ ఏడు ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్లు వరుసగా పెట్టి, పక్కన నా సైకిలు కూడా తెచ్చి నిలబెట్టాడు. బంతిపూల దండ వేశాడు.

"దీనికి కోడి వద్దు బావా. పసుపు కుంకుమ చాలు."

"గట్లెట్ల? అన్నిటికి కోసి దీనికి కోయకపోతె ఏమన్న అయితె? మీ అక్క ఊకుంటదా?"

కోసిన కోడిని టైర్ల మీద పట్టుకోబోయాడు. అది కొట్టుకుంది. నెత్తురు చైను మీద, గేర్ల మీద, సీటు మీద చింది పడింది. గొర్లు కోసే ఇంట్లో పుట్టాను, నెత్తురు నాకు కొత్త కాదు. కానీ నేను రోజూ మెత్తని గుడ్డతో తుడుచుకునే వస్తువు మీద అది జిగురుగా కారుతుంటే చూడలేకపోయాను. అప్పుడే ఈగలు వాలాయి.

తర్వాత కొబ్బరికాయలు. బావ ప్రతి ఏడూ ట్రాక్టరు వెనక ఇనుప కొక్కేనికేసి కొడతాడు. ఆయన బతుకంతా చూసిన బండ్లన్నీ ఇనుమే. నేను నోరు తెరిచేలోపే కాయను నా సైకిలు సీటు ముందున్న పై గొట్టానికేసి కొట్టాడు. కాయ పగలలేదు.

పండగ పూట కాయ పగలకపోతే ఇంటికి కీడంటారు. అక్క మొహం తెల్లబోయింది. బావ ఈసారి రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. పగిలింది.

"అమ్మయ్య" అన్నది అక్క.

కొబ్బరినీళ్లు నెత్తురులో కలిసి కారాయి. నాకు ఆ చప్పుడే వినపడుతోంది. ఇనుము అయితే టంగుమంటుంది. ఇది ఎండు సొరకాయ బుర్ర మీద కొట్టినట్టుంది.

బోరు దగ్గర పెట్టుకుని కడిగాను. చైను సందుల్లో నెత్తురు, పసుపు కలిసి ముద్ద కట్టాయి. పుల్లతో గీకితే ఈకలు వచ్చాయి. ఆ పూట నాకు కూర ముద్ద దిగలేదు. నీళ్లు పోసి తుడిచాక పై గొట్టం మీద వెంట్రుకంత గీత కనిపించింది.

పండగ దాటాక దాన్ని కారులో వేసుకుని దుకాణానికి తీసుకుపోయాను. అక్కడి మనిషి తెల్ల గ్లౌజులు వేసుకున్నాడు. గేర్లలో మిగిలిన ఒక ఈకను రెండు వేళ్లతో తీసి, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తర్వాత రూపాయి బిళ్లతో గొట్టం పొడుగునా తట్టుకుంటూ వచ్చాడు. గీత దగ్గర చప్పుడు బొంగురుపోయింది.

"దీన్ని ఇక ఎక్కకండి సార్. దిగుడులో విరిగిందంటే మనిషి మిగలడు."

"బాగు చేయరాదా?"

"మేం చెయ్యం. ఇదిగో, కొత్త ఫ్రేములొచ్చాయి, దీనికంటే తేలిక. పాతది ఇక్కడ వదిలేయండి, కొత్తదాని ధరలో తగ్గిస్తాం."

"పగిలినదాన్ని మీరేం చేసుకుంటరు?"

అతను నవ్వాడు. "రంగేస్తే గీత కనపడదు సార్. కాకపోతే మీ కొలతలకు చేసింది కదా, మీ సైజు మనిషి దొరకాలి. దొరుకుతాడు లెండి."

కూరగాయల గురించి చెప్పినట్టు చెప్పాడు. నా అంత ఎత్తు, నా అంత కాలు, నా అంత చెయ్యి ఉన్న మనిషి ఎవరో దీన్ని ముచ్చటపడి కొంటాడు. ఏదో ఒక ఆదివారం యాదగిరిగుట్ట మీద నుంచి దిగుతాడు. వెనక నుంచి చూస్తే నేనే అనిపిస్తాడు. కోడి నెత్తురు కంటే ఆ తెల్ల గ్లౌజులే నాకు ఎక్కువ రోత పుట్టించాయి. ఆ చేతుల్లోంచి సైకిలు లాక్కుని బయటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చి బావకు చెప్పాను. ముందు ఆయన నమ్మలేదు.

"కొబ్బరికాయకే పగిలిందా? గసొంటి దాన్ని పట్టుకొని లారీల నడుమ తిరిగినవా ఇన్ని దినాలు? నీకు తల్కాయ ఉన్నదార?" గీతను బొటనవేలితో రుద్ది చూసి అన్నాడు, "జర ఆగు. పైపులకు పెట్టే ముద్ద ఉన్నది, అతికిస్త."

"వద్దు బావా. కోసేద్దాం."

"కోసుడేంది! లోపట గోడకు ఏలాడదియ్యి."

"నేను లేనప్పుడు ఎవరో ఒకరు తీసి తొక్కుతరు. పిల్లలున్నరు."

బావ ఇనుము కోసే రంపం తెచ్చాడు. చక్రాలు, సీటు, హ్యాండిల్ విప్పేశాను. ఇద్దరం ముక్కులకు తువాళ్లు కట్టుకున్నాం. నల్లటి పొడి లేచింది. చెమట పట్టిన చేతులకు అంటుకుని దురద పెట్టింది. గుక్కెడు నీళ్లు తాగితే నాలుక మీద ఇసుకలా తగిలింది. కోసిన చోట లోపలంతా డొల్ల. అంచుల్లో నల్ల పోగులు లేచి ఉన్నాయి.

బావ వేలితో తడిమి చూశాడు. "థూ, గిది బట్టర! బట్టకు బంక రాసి చుట్టిండ్రు." మళ్లీ రంపం పట్టుకుని, తల ఎత్తకుండా అడిగాడు. "నేను మస్తు గట్టిగ కొట్టిన గాదు?"

"గట్టిగనే కొట్టినవ్."

"కాయ పగలకపోతె మీ అక్క ఏడ్వకుండ ఉంటుండెనా?"

"ఉండకపోతుండె."

మిగిలిన గొట్టాలన్నీ అయ్యాక పై గొట్టం మిగిలింది. దాన్ని నా కాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాను. బావ గీత ఉన్నచోట రంపం ఆనించి ఇంకా లాగనే లేదు, అది చెరుకు గడలా పటుక్కున విరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బావ రంపం కింద పడేసి, చేతులు కడుక్కోవడానికి బోరు వైపు పోయాడు.